పదకొండో నంబరు

నేను రెవెన్యూలో చేరిన కొత్తలో బందరు రికార్డు రూములో ఒక పాత గుమాస్తాగారు ఉండేవారు. కొత్తవాళ్లెవరు వచ్చినా ముందు 1864 సంగతి చెప్పి ఆ తర్వాతే ఫైలు చేతికిచ్చేవారు. ఆ ఏడు నవంబరు 1 రాత్రి సముద్రం బందరు మీద పడింది. కోట, బజారు, చుట్టుపక్కల పల్లెలు మునిగాయి. పోయినవాళ్లు ముప్పై వేల మంది అని లెక్క. అంతకు నెల తిరక్కముందే, అక్టోబరు 5న, కలకత్తా దగ్గర ఇంకో తుఫాను అరవై వేల మందిని పొట్టన పెట్టుకుంది. దేశంలో తంతి తీగలు వచ్చి అప్పటికి పదేళ్లు. గాలి పీడనం కొలిచే సాధనాలు ఓడల్లోనూ ఉన్నాయి, రేవుల్లోనూ ఉన్నాయి. లేనిదల్లా, ఆ అంకె పడిపోతుంటే ఎవరు ఎవరికి చెప్పాలి అన్న ఏర్పాటు.

ముప్పై అయిదేళ్ల ఉద్యోగంలో నేను చేసిన పని చాలావరకు ఇదే: ఒకచోటి నుంచి వచ్చిన అంకెను ఇంకొకచోట ఉన్న మనిషికి చేర్చడం. అందుకే ఈ మధ్య ఎక్కడ విన్నా డేటా, కృత్రిమ మేధ, నిర్ణయాలు అంటుంటే నాకు మన తీరంలో తుఫాను హెచ్చరికల చరిత్ర గుర్తొస్తుంది. అంకె, యంత్రం, మనిషి కలిసి పనిచేయడం నేర్చుకోవడానికి ఇక్కడ నూట అరవై ఏళ్లు పట్టింది. నేర్చుకున్నది పూర్తయిందని కూడా అనను.

ముందు అంకెలు పోగేసిన మనిషి గురించి చెప్పాలి. హెన్రీ పిడింగ్టన్ అని, ఓడల్లో తిరిగి తిరిగి కలకత్తాలో స్థిరపడిన ఇంగ్లీషువాడు. తుఫానులో చిక్కి బయటపడ్డ ప్రతి ఓడ దినచర్య పుస్తకాన్నీ అడిగి తెప్పించుకునేవాడు. ఏ గంటకు గాలి ఎటు నుంచి వీచింది, పీడనం ఎంతకు దిగింది, ఓడ ఎక్కడుంది అనేవి అందులో కెప్టెన్లు రాసి ఉంచుతారు. వాటన్నిటినీ ఒకే పటం మీద గుర్తుపెట్టి, గాలి గుండ్రంగా తిరుగుతోందనీ, కేంద్రం ఇదిగో ఇలా నడిచిందనీ చూపించాడు. మన కోరంగి రేవును ముంచిన 1789, 1839 గాలివానలు కూడా ఆయన లెక్కల్లోకి వచ్చాయి. 1839లో కోరంగిలో మూడు లక్షల మంది పోయారని చాలా పుస్తకాల్లో రాస్తుంటారు. జనాభా లెక్కలతో ఇన్నేళ్లు తంటాలు పడ్డవాడిగా నేను ఆ సంఖ్యను నమ్మను. ఆ కాలంలో ఆ ఏటి మొగదల మూడు లక్షల మంది ఎక్కడుంటారు? ఒకరు రాసింది ఇంకొకరు ఎత్తి రాసుకుంటూ పోయారంతే.

పిడింగ్టన్ 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీకి ఒక ఉత్తరం రాశాడు. బెంగాలులో మాట్లా నది మీద కొత్త రేవు కట్టాలన్న ఆలోచన మానుకోమని, ఒకనాడు ఉప్పెన వచ్చి దాన్ని ఊడ్చేస్తుందని దాని సారాంశం. ఎవరూ పట్టించుకోలేదు. రేవు కట్టారు, దానికి కానింగు పేరు పెట్టారు. 1867 నవంబరులో ఉప్పెన వచ్చి ఆ రేవును పనికిరాకుండా చేసింది. అప్పటికి పిడింగ్టన్ పోయి తొమ్మిదేళ్లు. ఆధారాలతో సహా చెప్పినా పై వాళ్లు వినకపోవడం ఇప్పటి జబ్బేమీ కాదని మా ఆఫీసులో కుర్రాళ్లకు ఈ కథ చెప్పేవాణ్ణి.

1864 దెబ్బ తర్వాతే ప్రభుత్వం కదిలింది. 1865లో కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికలు మొదలయ్యాయి. కలకత్తా తుఫాను మీద నివేదిక రాసిన ఇద్దరిలో ఒకడైన హెన్రీ బ్లాన్‌ఫర్డ్ చేతికే 1875లో కొత్తగా పెట్టిన వాతావరణ శాఖను అప్పగించారు. తర్వాత 1898లో రేవులన్నిటికీ ఒకే రకం ప్రమాద సూచికలు వచ్చాయి. మన పత్రికల్లో ఇప్పటికీ 'మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేశారు' అని రాస్తారే, అవే. పగలైతే స్తంభానికి నల్లటి శంకువులు, పీపా ఆకారాలు కడతారు. రాత్రి అయితే ఎర్ర దీపాలు, తెల్ల దీపాలు. ఒకటి, రెండు నంబర్లు దూరంగా సముద్రంలో ఏదో ఉందని చెబుతాయి. మూడు, నాలుగు రేవుకే గాలి తగలొచ్చని. అయిదు నుంచి పది దాకా ప్రమాదం, మహా ప్రమాదం. అందులోనే తుఫాను రేవుకు ఏ పక్కగా దాటుతుందో, నెత్తి మీదుగానే దాటుతుందో కూడా ఉంటుంది.

పదితో అయిపోయిందనుకుంటారు చాలామంది. పదకొండు ఉంది. తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక్కడి రేవు అధికారి మాత్రం వాతావరణం చెడబోతోందని అనుకుంటున్నాడు అని దాని అర్థం. అంటే తంతి రాకపోయినా, పై నుంచి అంకె రాకపోయినా, నీ కళ్లతో ఆకాశాన్నీ అలనూ చూసి నువ్వే కట్టు అని ముందే రాసిపెట్టారు. నాకు తెలిసిన ప్రభుత్వ నియమాల్లో ఇంత బుద్ధిగా రాసింది తక్కువ. సమాచారం ఆగిపోతే ఏం చేయాలో, ఎవరు చేయాలో చెప్పిన నియమం అది. మామూలుగా మన కాగితాలన్నీ సమాచారం అందుతుందన్న ధీమాతోనే రాస్తారు.

ఈ కథలో యంత్రం కంటే ముందే యంత్రం పని చేసినవాళ్లున్నారు. గిల్బర్ట్ వాకర్ అనే గణితవేత్త 1904 నుంచి 1924 దాకా వాతావరణ శాఖకు పెద్ద. రుతుపవనం ఎలా ఉంటుందో సూత్రాలతో తేల్చడం తన వల్ల కాదనుకుని, దేశదేశాల వర్షం, పీడనం, ఉష్ణోగ్రతల పట్టికలు తెప్పించి, దేనికి దేనితో పొంతన ఉందో గుమాస్తాల చేత లెక్క కట్టించాడు. ఎందుకు అన్నది పక్కన పెట్టి, ఏది పెరిగితే ఏది తగ్గుతోంది అన్నదే చూశాడు. పసిఫిక్ మహాసముద్రానికి ఆ కొసన ఒకలా, ఈ కొసన ఇంకోలా పీడనం ఊగుతోందని ఆ లెక్కల్లోంచే బయటపడింది. ఎల్‌నినో గురించి ఇవాళ మాట్లాడేవాళ్లంతా ఆ కాగితాల మీదే నిలబడి ఉన్నారు. కూడికలు వేసిన గుమాస్తాల్లో చాలామంది పేర్లు మాత్రం కనపడవు. గుమాస్తా ఉద్యోగంతో మొదలైనవాణ్ణి కాబట్టి నాకది పట్టింపు.

ఇక మన దగ్గరికి వద్దాం. 1969లో మే నెలలో ఒక తుఫాను, నవంబరులో ఒక తుఫాను ఆంధ్ర తీరాన్ని కొట్టాయి. ఆ తర్వాత వేసిన కమిటీకి వాతావరణ శాఖ అధిపతి పంచేటి కోటేశ్వరంగారు పెద్ద. మన తెలుగాయన. ఆకాశంలో ఎత్తున, వానాకాలంలో తూర్పు నుంచి పడమరకు పరుగెత్తే పెనుగాలి ప్రవాహాన్ని లోకానికి చూపించిన శాస్త్రవేత్త. 1970లో విశాఖలో తుఫానులను కనిపెట్టే రాడార్ వచ్చింది, దేశంలో ఆ రకానికి అదే మొదటిది. 1974లో విశాఖలోనే తుఫాను హెచ్చరిక కేంద్రం పెట్టారు. పైనుంచి ఉపగ్రహాల బొమ్మలు కూడా అందుతున్నాయి. మేఘం ఎలా చుట్టుకుందో చూసి గాలి బలం ఎంతో చెప్పే పద్ధతిని అమెరికాలో డ్వొరాక్ అనే ఆయన ఆ రోజుల్లోనే తయారుచేశాడు. సరంజామా అంతా ఉందన్నమాట. అయినా 1977 వచ్చింది.

ఆ నవంబరులో నేను చల్లపల్లిలో మేనమామగారింట్లో ఉండి ఇంటర్ చదువుతున్నాను. 12వ తేదీన నాగపట్నం దగ్గర ఒక తుఫాను దాటింది. వారం తిరక్కుండా ఇంకొకటి బంగాళాఖాతంలో పడమరగా వస్తూ వస్తూ, దారి మళ్లి ఉత్తర వాయవ్యంగా తిరిగింది. 19వ తేదీ శనివారం. తుఫాను ఉందని ఊళ్లో అందరికీ తెలుసు. మామయ్య పొద్దుటి నుంచి రేడియో దగ్గరే ఉన్నాడు. కానీ తుఫాను అంటే గాలి, వాన, కొబ్బరి చెట్లు పడటం, రెండ్రోజులు కరెంటు లేకపోవడం. సముద్రం అయిదు మీటర్లు లేచి ఊళ్లకు ఊళ్లను మింగుతుందని అనుకున్నవాళ్లు లేరు.

తుఫాను తీరం దాటింది చీరాల దగ్గర. మనుషులు పోయింది దివిసీమలో. ఈ రెంటికీ మధ్య అరవై కిలోమీటర్లకు పైగా దూరం. మన తీరంలో సుడి ఎడమ చేతివాటంగా తిరుగుతుంది కాబట్టి, అది నడిచే దారికి కుడి పక్కన గాలి సముద్రాన్ని నేల మీదికి నెడుతుంది. ఎడమ పక్కన నేల మీంచి సముద్రంలోకి తోస్తుంది. కాబట్టి ఎక్కడ దాటుతుంది అనే ఒక్క ముక్క చేతికిస్తే, ఎవరు పోతారు అన్నది దాంట్లో ఉండదు. శాస్త్రం తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. సొర్లగొందిలో, పాలకాయతిప్పలో, హంసలదీవిలో ఉన్నవాళ్లకు మాత్రం తెలియదు, వాళ్లకు చెప్పాల్సిన మునసబుకూ తెలియదు.

అప్పటి వరస ఇది. వాతావరణ కేంద్రం నుంచి కలెక్టరుకు తంతి. కలెక్టరు నుంచి తాసిల్దారుకు. అక్కడి నుంచి మునసబుకు, మునసబు పురమాయిస్తే ఊళ్లో టముకు. దివి తాలూకా అంతటికీ తాసిల్దారు ఆఫీసు ఒక్కటే, అవనిగడ్డలో. ఎదురుమొండి లాంటి లంకలకు పడవ దాటి వెళ్లాలి. గాలి మొదలయ్యాక పడవ ఎవడు కడతాడు? కాగితం మీద ఆ గొలుసులో ఒక్క లంకె కూడా తక్కువ లేదు. చివరి లంకె దాకా వచ్చేసరికి మాత్రం చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య నీళ్లొచ్చేశాయి.

మూడో రోజున మా కాలేజీ కుర్రాళ్లం కొంతమందిమి నాగాయలంక వైపు వెళ్లాం. శవాల సంగతి రాయను. చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, చూడనివాళ్లకు చెప్పి ప్రయోజనం లేదు. నాకు అప్పగించింది రాత పని. ఒక చెట్టు కింద కూర్చుని, ఓటర్ల జాబితా ముందు పెట్టుకుని, బతికినవాళ్లు చెబుతుంటే పేర్ల పక్కన గుర్తు పెట్టడం. ఆ జాబితాలో పిల్లలుండరు. పనులకు వేరే ఊళ్ల నుంచి వచ్చి పాకలేసుకున్నవాళ్లు ఉండరు. కుటుంబమంతా పోయినచోట చెప్పేవాళ్లే ఉండరు. దివిసీమ మృతులు పది వేలని ఒక పుస్తకం, పద్నాలుగు వేలని ఇంకో పుస్తకం అంటే నేను ఆశ్చర్యపోను.

తర్వాత ఒక పదేళ్లలో జరిగిన మార్పులు నేను లోపల ఉండి చూశాను. 1984లో కరణాలు, మునసబుల వ్యవస్థ రద్దయింది. 1985లో మండలాలొచ్చాయి. రాజకీయంగా ఎవరేమన్నా, తీరంలో దీనివల్ల ఒక మేలు జరిగింది. నిర్ణయం తీసుకునే ఆఫీసు నాగాయలంకకు, కోడూరుకు వచ్చింది. తీరం వెంబడి రెండంతస్తుల తుఫాను షెల్టర్లు కట్టారు. ఇన్‌శాట్ ఉపగ్రహం ద్వారా పనిచేసే హెచ్చరిక సెట్లు మద్రాసు ఉత్తర తీరంలో, మన దక్షిణ కోస్తాలో పెట్టారు. ఏ ప్రాంతానికి ప్రమాదమో ఆ ప్రాంతం సెట్లే మోగేవి. ముందు సైరను, తర్వాత తెలుగులో మాట. మధ్యలో తంతి లేదు, తీగ లేదు, అనువదించే గుమాస్తా లేడు.

1990 మే మొదటివారంలో నేను బందరు కలెక్టరేటు కంట్రోలు రూములో ఉన్నాను. గోడకు పెద్ద పటం. బులెటిన్ వచ్చినప్పుడల్లా అక్షాంశం, రేఖాంశం చూసి ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టడం, చుక్కను చుక్కను కలపడం నా పని. బల్ల మీద రెండు టెలిఫోన్లు, మూల పోలీసు వైర్‌లెస్ సెట్టు, అది రాత్రంతా గరగరమంటూనే ఉండేది. డి.ఆర్.ఓ. గారు వచ్చి పటం ముందు చాలాసేపు నిలబడ్డారు.

"ఇదంతా బాగానే ఉందయ్యా. నాగాయలంకలో నీళ్లు ఎంత దూరం వస్తాయి, అది చెప్పు."

"బులెటిన్‌లో మామూలు కంటే ఎన్ని మీటర్లు లేవొచ్చో రాశారు సార్. ఊరివారీ లేదు."

"పోయినసారి ఎందాకా వచ్చాయి?"

అది ఆ గదిలో చెప్పగలిగినవాళ్లు ముగ్గురున్నారు. గుడి గోడ మీద బురద చార ఎక్కడ ఆగిందో, ఏ కాలవ గట్టు దాకా గొడ్లు కొట్టుకొచ్చాయో చెప్పారు. నేను నల్ల పెన్సిలుతో పటం మీద గీత లాగాను. ఆ గీతకు ఇవతల ఇంకొంచెం వదిలి, సముద్రం వైపున్న ఊళ్లన్నీ ఖాళీ చేయించాలని అప్పటికప్పుడు తేలింది. ఎర్ర చుక్కలు యంత్రాల పుణ్యం. నల్ల గీత 1977లో బతికి బయటపడ్డవాళ్ల జ్ఞాపకం. రెండూ ఒకే పటం మీద పడ్డాకే ఆయన సంతకం పెట్టారు.

ఆర్టీసీ బస్సులు, లారీలు, ట్రాక్టర్లు పట్టుకొచ్చారు. జనం ఒక పట్టాన కదల్లేదు. ప్రాణభయం లేక కాదు, గొడ్లను వదల్లేక. కట్లు విప్పేస్తే అవే మెరక చూసుకుంటాయని నచ్చజెప్పేసరికి తాతలు దిగొచ్చారు. మే 9న తుఫాను కృష్ణ మొగ దగ్గర దాటింది. 1977 నాటి దానికి బలంలో ఏమాత్రం తీసిపోనిది. రాష్ట్రంలో పోయినవాళ్లు 967 మంది. చిన్న సంఖ్య కాదు, ఆ కుటుంబాలకు అసలే కాదు. కానీ అదే తీరం, అలాంటి గాలి, మధ్యలో పన్నెండున్నర ఏళ్లు. తేడా ఎక్కడొచ్చిందంటే ఉపగ్రహం అని కొందరంటారు, షెల్టర్లని కొందరు. ఎవరు సంతకం పెట్టాలో ఆ రాత్రి అందరికీ తెలుసు, నన్నడిగితే అదీ అసలు తేడా.

ఇదే గొప్పగా చెప్పుకుంటూ ఉండగా 1996 నవంబరు 6 వచ్చింది. ఆ తుఫాను చిన్నది, కోనసీమలో పడింది. గాలికి కొబ్బరితోటలు మొదలంటా కూలాయి. వెయ్యి మందికి పైగా పోయారు, కనపడకుండా పోయినవాళ్లు అంతకంటే ఎక్కువ. వాళ్లలో చాలామంది వేటకెళ్లినవాళ్లు. నన్ను లెక్కల పనికి భైరవపాలెం వైపు పంపారు. కనిపించని మనిషి చనిపోయాడనుకోవాలంటే చట్టం ఏడేళ్లు ఆగమంటుంది. పిల్లలతో ఉన్న ఆడమనిషి ఏడేళ్లు ఏం తిని ఆగుతుంది? మినహాయింపు ఇవ్వాలంటే ఏ బోటులో ఎవరెవరు వెళ్లారో ఆధారం కావాలి. ప్రభుత్వం దగ్గర అలాంటి జాబితా లేదు.

దొరికింది చివరికి ఒక బోటు యజమాని దగ్గర. నూనె మరకల చేతిపుస్తకం. వేటకు వెళ్లేముందు కూలీలకు ఇచ్చిన అడ్వాన్సులు అందులో రాసుకున్నాడు. పేరు, రొక్కం, కొందరి వేలిముద్ర. బాకీ వసూలు కోసం రాసుకున్న ఆ పుస్తకమే ఆ బోటుకు హాజరుపట్టీ అయింది. ఇంకో నలుగురైదుగురు యజమానుల పుస్తకాలు కూడా తెప్పించి, ఊళ్లో పెద్దల చేత సరిచూయించి రాసుకొచ్చాం. గాలి గురించి మా దగ్గర ఉపగ్రహం బొమ్మలున్నాయి. సముద్రం మీద ఎంతమంది ఉన్నారన్న సంగతి ఒక వడ్డీ లెక్కల పుస్తకంలో ఉంది. ఏ డేటా కావాలి అని ముందే కూర్చుని అడిగి ఉంటే ఈ రెండోదే మొదట రాసుకునేవాళ్లం. ఈ మధ్య బోట్లకు ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్లు లక్ష దాకా బిగించే పథకం పెట్టారు. బోటు ఎక్కడుందో ఒడ్డుకు తెలుస్తుంది, ఒడ్డు నుంచి బోటుకు మాట పంపొచ్చు. మంచి పనే, ఆలస్యమైనా.

తర్వాతి సంగతులు అందరికీ తెలిసినవే కాబట్టి గబగబా చెబుతాను. 1999లో ఒడిశాలో పది వేల మంది పోయాక హెచ్చరికలను నాలుగు దశలు చేశారు. 2004లో బందరుకు డాప్లర్ రాడార్ వచ్చింది. 2009 నుంచి బులెటిన్‌లో ఒక్క గీతకు బదులు, ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే గరిటె ఆకారం వేస్తున్నారు, తుఫాను ఆ లోపల ఎటైనా పోవచ్చని. మాకు అలవాటవడానికి టైము పట్టింది. పై అధికారులకు ఒక్క చుక్క కావాలి, 'ఇక్కడే' అనాలి. తెలియనిదాన్ని తెలియదని బొమ్మ వేసి చూపించడం నా లెక్కలో రాడార్ కంటే పెద్ద అడుగు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదే పడి ఆ ఊరి రాడారునూ, ఫోన్లనూ కూడా మూగబోయేలా చేసినప్పుడు, నాకు ఆ పాత పదకొండో నంబరు గుర్తొచ్చింది. మనుషులను రెండ్రోజుల ముందే తరలించారు కాబట్టి ప్రాణనష్టం పదుల్లో ఆగింది.

ఇప్పుడు కృత్రిమ మేధ. 2023లో గూగుల్ డీప్‌మైండ్ వాళ్లు గ్రాఫ్‌కాస్ట్ అనే నమూనాను బయటపెట్టారు. పది రోజుల అంచనా ఒక్క నిమిషం లోపే ఇస్తుంది. అదే పని సమీకరణాలతో చేయాలంటే పెద్ద సూపర్ కంప్యూటర్లు గంటలకొద్దీ తిరగాలి. తుఫాను దారి చెప్పడంలో అది పాత పద్ధతులను చాలాసార్లు మించింది. 2025 ఫిబ్రవరి నుంచి ఐరోపా వాతావరణ కేంద్రం తన సొంత ఏఐ నమూనాను పాత నమూనా పక్కనే రోజూ నడుపుతోంది. 2025 ఖరీఫ్‌లో మన వ్యవసాయ శాఖ ఇలాంటి నమూనాల సాయంతో 13 రాష్ట్రాల్లో 3.8 కోట్ల మంది రైతులకు రుతుపవనం రాక గురించి ముందుగా మెసేజీలు పంపింది. నాట్లు ఎప్పుడు వేయాలి అన్నది రైతు ఇష్టానికే వదిలారు, అది సబబు.

గ్రాఫ్‌కాస్ట్ ఎలా నేర్చుకుందంటే, వాకర్ గుమాస్తాల పద్ధతే, కోట్ల రెట్లు పెద్దది. ఎందుకు అని అడగదు. ఫలానా రోజు ఆకాశం ఇలా ఉంటే ఆరు గంటల తర్వాత ఎలా ఉంది అని చూస్తూ పోయింది. చూసింది 1979 నుంచి 2017 దాకా ఉన్న 39 ఏళ్ల రికార్డు. ఆ రికార్డులో ఉపగ్రహాలు, ఓడలు, విమానాలతో పాటు, ఉదయం అయిదున్నరకూ సాయంత్రం అయిదున్నరకూ బెలూను ఎగరేసి అంకెలు రాసిన మన బందరు, విశాఖ అబ్జర్వర్ల చేతిరాత కూడా ఉంది. కానీ లెక్క 1979 నుంచి అన్నారు చూశారూ, దివిసీమ ఉప్పెన 1977. అంటే ఈ తీరంలో మా తరం చూసిన అతి ఘోరమైన రోజు దాని పాఠాల్లో లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ నమూనాకు భూమి అంతా సుమారు 28 కిలోమీటర్ల గళ్లుగా కనిపిస్తుంది. దివిసీమ మొత్తం అలాంటి రెండు మూడు గళ్లలో సర్దుకుంటుంది. తుఫాను కన్ను ఒక్కోసారి ఒక్క గడి కంటే చిన్నది. పైగా సగటున తప్పు తక్కువ రావాలని నేర్పారు కాబట్టి, మరీ విపరీతమైన గాలిని కాస్త మెత్తబరిచి చూపిస్తుంది. దారి బాగా చెబుతుంది, బలం తక్కువ చెబుతుంది. 1996 కోనసీమ తుఫాను లాంటి చిన్న, చురుకైన వాటి దగ్గరే ఈ లోపం గుచ్చుకుంటుంది. అందుకే వాతావరణ శాఖలో మనుషులు ఇంకా మేఘాల బొమ్మ ముందు కూర్చుని డ్వొరాక్ లెక్క కడుతున్నారు, కంప్యూటరు వేసిన లెక్కతో పోల్చి చూస్తున్నారు. నీళ్లు ఎంత ఎత్తు లేస్తాయి, ఎంత లోపలికి వస్తాయి అన్నది హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వేరే నమూనాతో లెక్కిస్తుంది. 1990లో డి.ఆర్.ఓ. గారు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు బొమ్మతో సహా జవాబుంది. దారి తప్పుగా వేస్తే ఆ జవాబూ తప్పవుతుంది, అందుకే దారి మీద ఇంత పట్టుదల.

ఒకటి మాత్రం నాకు కొరుకుడు పడదు. 24 గంటల ముందు వేసిన అంచనాలో సగటు పొరపాటు ఇప్పుడు 100 కిలోమీటర్ల లోపుకు వచ్చింది. గొప్పే. అయితే నిర్ణయాలు 24 గంటల్లో తీసుకోవాల్సినవి కొన్నే. పల్లెను ఖాళీ చేయించాలంటే రెండ్రోజులు కావాలి, కోసిన వరి ఇంటికి చేర్చాలంటే మూడు రోజులు, బోటు వెనక్కి రావాలంటే ఎంత దూరం పోయిందో అంత. ఒక్కొక్కరి గడియారం ఒక్కోలా తిరుగుతుంటే అందరికీ ఒకే బులెటిన్ పంపడం 1898 నాటి అలవాటు. ఫోనుకు సూటిగా తెలుగులో హెచ్చరిక పంపే ఏర్పాటు వచ్చింది కానీ, అందులోనూ అందరికీ ఒకే వాక్యం. ఏఐ నిజంగా చేయాల్సిన పని ఇక్కడుందని నా అభిప్రాయం. ఫలానా ఊరి కౌలురైతుకు, ఫలానా రేవు బోటువాడికి, ఫలానా ఆసుపత్రి సూపరింటెండెంటుకు వాళ్ల వాళ్ల గడియారం ప్రకారం చెప్పడం. ఆకాశం కంటే ఇది కష్టం, ఎందుకంటే ఆకాశానికి 39 ఏళ్ల రికార్డు ఉంది, బోటువాడి అవసరాలకు చేతిపుస్తకమే ఉంది.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర దాటింది. దానికి కొన్ని రోజుల ముందు, వేటకు వెళ్లొద్దన్న ఉత్తర్వు ఇంకా రాకముందే, నేను గిలకలదిండి వైపు వెళ్లాను. హార్బరులో ఒక కుర్రాడు బోటు అంచు మీద కూర్చుని ఫోను చూస్తున్నాడు. తెర మీద మూడు రంగుల గీతలు, మూడూ మూడు నమూనాల అంచనాలు. ఒకటి మద్రాసు వైపు పోతోంది, ఒకటి మన మీదికే, ఇంకోటి కాకినాడ దాటి.

"ఇందులో దేన్ని నమ్ముతావు బాబూ?" అన్నాను.

"నమ్మడానికేముంది సార్. మూడూ దగ్గరపడేదాకా ఐసు వేయించను. డీజిలైతే ట్యాంకులోనే ఉంటది. ఐసు వేయించాక ఆగామా, కరిగిపోద్ది. డబ్బులు పోతాయని ఇక వెళ్లిపోవాలనిపిస్తది."

"మరి మీ నాన్నేమంటాడు?"

"మా నాన్న ఫోను చూడడు సార్. అల చూస్తాడు. గాలి లేకుండా అల లావయింది అన్నాడు పొద్దున. అందుకే కదా నేను ఫోను తీసింది."